గడ్డి దూడ, చిక్కటి పాలు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో గేదెకి ఏం తెలుసో గేదెకే సరిగ్గా తెలీదు. నక్కకి అన్నీ తెలుసు, అందుకే అది చెడింది. నాకు తెలిసిన చోట చెబుతాను, తెలియని చోట తెలీదనే అంటాను. తెలిసినట్టు నటించేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికే ఎక్కువైపోయారు, వాళ్ళలో నేనొకణ్ణి ఎందుకు?

కాలవ గట్టు దిగితే మంగతాయి దొడ్డి. ఒక పక్క రేకుల పాక, ఒక పక్క గడ్డివాము, వెనక కంచె, కంచె అవతల చెరకుతోట. పాకలో కాటుక అనే గేదె, దాని పక్కన మైలయ్య అనే ముసలి ఎద్దు. ఒక మేకపోతు కూడా ఉంది. గడ్డం ఉంది కాబట్టి దాన్ని అందరూ మాస్టారూ అని పిలుస్తారు, అంతకుమించి చదువేమీ లేదు. గుమ్మం దగ్గర సింగడనే కుక్క, చూరు మీద ఒక తెల్లమూతి పిల్లి. చెరకుతోటలో ఆరిందయ్య అనే నక్క. ఎవరు ఏం చెప్పినా "అది నాకు ముందే తెలుసు" అంటుంది కాబట్టి దానికా పేరు వచ్చింది.

కాటుక ఈనింది. దొడ్డంతా జున్ను వాసన. ఆ సంబరం వారం కూడా నిలవలేదు, దూడకి పారుడు విరేచనాలు పట్టి చచ్చిపోయింది. ఆ రోజు నుంచి కాటుక చేపడం మానేసింది. చేపడమంటే పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దిగడం. అది గేదె దయ. చెయ్యి ఎంత తిరిగినదైనా గేదె మనసు రాకపోతే చుక్క దిగదు. పొదుగు చూస్తే రాయిలా బిగిసిపోయి ఉంది, చెయ్యి వేస్తే తన్ను. మంగతాయి తెలగపిండి పెట్టింది, దిష్టి తీసింది, బతిమాలింది, తిట్టింది. కాటుక గుమ్మం వైపు చూస్తూ అరవడం తప్ప మరేం చెయ్యలేదు.

ఇలాంటి కబురు పశువుల బేరగాడికి గాలిలో వస్తుంది. వీరాసామి భుజాన పలుపుతాడు వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"చేపని గేదెని ఎన్నాళ్ళు మేపుతావు మంగతాయీ? నాకిచ్చెయ్. గురువారం సంతకి తోలుకుపోతాను."

"ఆ సంత వెనక లారీ ఉంటుంది కదన్నయ్యా" అంది మంగతాయి.

"ఉంటే ఉంటుంది. అటు చూడకు."

లారీ సంగతి దొడ్డిలో అందరికీ తెలుసు. దాన్ని ఎక్కిన పశువు మళ్ళీ ఏ దొడ్డిలోనూ కనబడదు. మంగతాయికి ఉన్నది ఈ ఒక్క గేదె. "ఒక్క నాలుగు రోజులు ఓపిక పట్టన్నయ్యా" అని అతన్ని పంపించేసి, వాళ్ళమ్మ కాలంనాటి పని ఒకటి గుర్తు తెచ్చుకుంది.

చచ్చిన దూడ తోలు అప్పటికే ఒలిపించి ఉంచింది. దానికి ఉప్పూ పసుపూ రాసి ఎండబెట్టింది. లోపల వరిగడ్డి, పురుగు పట్టకుండా నాలుగు వేపమండలు కూరింది. కాళ్ళలో వెదురుబద్దలు పెట్టి, కడుపు కుట్టేసింది. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని తెచ్చి, మూతిని ఒకసారి పొదుగుకి తాకించి, కాటుక ముందు నిలబెట్టింది. వీపు తట్టి, "తాగరా నాన్నా, అమ్మని సతాయించకు" అంది. గడ్డి దూడతోనే అంది.

కాటుక వాసన చూసింది. చాలాసేపు అలాగే నిలబడింది. తరవాత నాలుక చాపి దూడ వీపు నాకింది. మంగతాయి వేళ్ళ కింద చన్నులు మెత్తబడ్డాయి. తప్పేలాలో చుయ్యిమని చప్పుడు. ఆ చప్పుడు విని మంగతాయి ఏడ్చేసింది. ఏడుస్తూ పిండుతూనే ఉంది, కాటుక నాకుతూనే ఉంది.

ఆ పూట నుంచి రోజూ అంతే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మంగతాయి భుజాన గడ్డిదూడ రావడం, కాటుక చేపడం, తప్పేలా నిండటం. వీరాసామి సంతకి వెళ్ళేటప్పుడల్లా గుమ్మంలోంచి తొంగిచూసి, "పాలు ఆగితే కబురు చెయ్యి" అని పోతున్నాడు.

కాటుక గండం గడిచినట్టే. కానీ దొడ్డిలో మిగతావాళ్ళకి నిద్ర పట్టడం లేదు. మనకేం పోయిందని ఊరుకునే లోకమా ఇది?

మొదలుపెట్టింది ఎద్దే. దానికి నెమరు ఎక్కువ, ఆలోచన తక్కువ. కానీ ఒక్కసారి ఆలోచన పట్టుకుంటే వదలదు.

"మాస్టారూ, గడ్డి నేనూ తింటున్నాను. అదే గడ్డి. నాకెప్పుడూ ఏమీ కాలేదు. దాన్ని తోల్లో కూరితే పాలెలా వచ్చాయి?"

"నువ్వు ఎద్దువి" అంది పిల్లి చూరు మీంచి.

"ఆ సంగతి నాకు తెలుసు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే మాట నా పుట్టుక నుంచీ వింటున్నాను. ఇప్పుడది ఎత్తకు."

మేకపోతు గడ్డం సవరించుకుంది. "ఇందులో తికమక ఏముంది మైలయ్యా? దూడ అబద్ధం. అబద్ధం నుంచి నిజం పుట్టదు. కాబట్టి ఆ పాలు కూడా అబద్ధమే."

"అబద్ధప్పాలా?"

"అంతే. మీకందరికీ పాలున్నట్టు అనిపిస్తోంది. లేవు."

పిల్లి కిందికి దూకింది. మంగతాయి దానికోసం చిప్పలో పోసిన పాలు చూపించి, మూతి చాపింది. "నా మీసాలు చూడండి మాస్టారూ. వీటికి అంటింది ఏంటి?"

"నీ భ్రమ."

"మరి నా కడుపులో ఉన్నది?"

"అదీ భ్రమే. కావాలంటే చూడు" అని మేకపోతు కాలితో చిప్పని తన్నింది. పాలు నేలపాలయ్యాయి. నేల తడిసింది. ఈగలు వాలాయి. ఈగలకి కూడా భ్రమేనా అని ఎద్దు అడగబోయేలోపు పిల్లి లేచి మాస్టారి గడ్డంలో గోళ్ళు దింపింది.

"ఎందుకూ పనికిరాని మాటలు. నీ మెడ కింద వేలాడే చన్నులే నయం!" అంది.

గోల సద్దుమణిగాక ఎద్దు మళ్ళీ నెమరు వేస్తూ అంది. "నాకు ఒకప్పుడు కాడి రాసుకుని మెడ వాచింది. మంత్రగాడొచ్చి వేపమండతో నాలుగు తట్లు తట్టి, రెండ్రోజులు కాడి కట్టొద్దన్నాడు. తగ్గిపోయింది. తగ్గించింది మంత్రమా, వేపమండా, కాడి కట్టకపోవడమా? అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. తేలలేదు."

"తగ్గిందా లేదా?" అంది కుక్క.

"తగ్గింది."

"ఇంకేం కావాలి తాతా?"

"ఏమో రా సింగా. మళ్ళీ వాస్తే ఎవర్ని పిలవాలో తెలియాలి కదా."

ఎద్దుని మందమతి అంటారు గానీ, నన్నడిగితే ఆ దొడ్డిలో అడగాల్సిన మాట అడిగింది అదొక్కటే. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. కాటుకని అడుగుదామంటే అందరికీ మొహమాటం. బిడ్డ పోయిన తల్లిని పట్టుకుని, అమ్మా నువ్వు నాకేది గడ్డి అని ఎవరు చెబుతారు?

చెప్పడానికి ఒకడున్నాడు. చెరకుతోటలో ఉన్నాడు.

ఆరిందయ్య చెరకు సందుల్లోంచి రోజూ చూస్తున్నాడు. మనిషి దూడని భుజాన వేసుకుని వస్తోంది. గేదె నాకుతోంది. తప్పేలా నిండుతోంది. దూడ చచ్చిందని ఊరంతా అనుకుంది. ఆరిందయ్య నమ్మలేదు. "పాలున్నాయి. కాబట్టి దూడ ఉంది. దూడ లేకుండా పాలెక్కడివి? అది నాకు ముందే తెలుసు" అనుకున్నాడు. దూడ నడవదేం? తిని బలిసింది, ఒళ్ళు బరువు. అరవదేం? పెంపకం అలాంటిది. గాలి ఇటు తిరిగినప్పుడు ముక్కు ఎగబీల్చాడు. దూడ వాసనే. తోలు దూడదే కదా మరి. మధ్యలో కొంచెం వేపాకు వాసన కూడా తగిలింది. అది తనకున్న జలుబు వల్ల అనుకున్నాడు.

ఆశ పుట్టాక అనుమానం నిలవదు. అడ్డమల్లా కాటుక కొమ్ములు. అవి వాడిగా ఉన్నాయి. గేదె దానంతటది దూడ మీద మనసు విరుచుకుంటే తప్ప దగ్గరికి పోవడం కుదరదు. దానికో అబద్ధం కావాలి. ఆరిందయ్య కూర్చుని మంచి అబద్ధం ఒకటి ఆలోచించాడు.

మధ్యాహ్నం కాటుకని కంచె దగ్గర కట్టేసి మంగతాయి కలుపుకి పోయింది. కంచె అవతల నుంచి మాట వినబడింది.

"వదినా, నీకో చెడ్డ కబురు. చెప్పాలా వద్దా అని మూడు పూటలుగా అన్నం సహించడం లేదు."

"చెప్పు" అంది కాటుక.

"నీ ముందు పెడుతున్నారే, అది నీ దూడ కాదు. ఉత్త తోలు. లోపల గడ్డి కూరారు." ఇంత పచ్చి అబద్ధం మొహం చెదరకుండా చెప్పినందుకు ఆరిందయ్య తనని తాను మెచ్చుకున్నాడు.

కాటుక నెమరు ఆపలేదు. "తెలుసు" అంది.

నక్క నోరు తెరుచుకుంది. "ఏంటి తెలుసు?"

"లోపల గడ్డి అని. మొదటి పూటే తెలిసింది. పైన నా బిడ్డ వాసన, లోపల మేత వాసన. మేత వాసన తెలీని గేదె ఉంటుందా?"

"అదెలా కుదురుతుంది వదినా? నేనిప్పుడే కదా... అంటే, ఇప్పుడే కదా నీకు చెప్పాను!"

"నువ్వు చెప్పకముందే తెలుసు."

"మరి తెలిసి తెలిసి పాలెందుకు ఇస్తున్నావు?"

"నేనిస్తున్నానా?" అంది కాటుక. "అవే వస్తున్నాయి. నాలుకకి ఆ వెంట్రుకలు తగులుతాయి. మంగతాయి 'తాగరా నాన్నా' అంటుంది. బిడ్డ లేదని నాకు తెలుసు. నా పొదుగుకి ఎవరూ చెప్పలేదేమో. నేను చెబుదామనుకునేలోపే దిగిపోతాయి." చెవులు విదిలించి, "నీకేమన్నా అర్థమైతే నాకూ చెప్పు. నాకు రోజూ తికమకగానే ఉంది" అంది.

ఆరిందయ్య అక్కణ్ణుంచి చెరకులోకి వెళ్ళి తల పట్టుకున్నాడు. తను అబద్ధం చెప్పాడు. గేదె ఔనంది. అబద్ధాన్ని ఔనని ఎవరంటారు? ఇంకో అబద్ధగాడు! కన్నతల్లి తన బిడ్డని పట్టుకుని గడ్డి అంటుందా? అందంటే దొంగలు వినాలనే అంది. "ఓహో! దూడ మీద కన్ను పడకుండా ఊరంతా కలిసి ఆడుతున్న నాటకం అన్నమాట. ఇదీ నాకు ముందే తెలుసు."

నిజం చెప్పినా నమ్మనివాణ్ణి ఎవరు మోసం చెయ్యాలి చెప్పండి? వాడి పని వాడే చూసుకుంటాడు.

ఆ సాయంత్రం పాలు పిండటం అయ్యాక మంగతాయి గడ్డిదూడని పాక నిట్రాట స్తంభానికి ఆనించి, క్యాను తీసుకుని పాలకేంద్రానికి పోయింది. ఇంకా వెలుగుంది. ఆరిందయ్య కంచె కన్నంలోంచి దూరి తిన్నగా పాకలోకి వచ్చాడు. గుంజకి కట్టేసి ఉన్న కాటుక కొమ్ములు దూడ దాకా అందవు. అందే వాడల్లా సింగడు.

"ఎవడ్రా అది?"

"అరవకు సింగన్నా. నీ కోళ్ళ జోలికి రాలేదు. ఆ దూడ కోసం వచ్చాను."

"ఏ దూడ?"

"అదిగో, నిట్రాట దగ్గర."

కుక్కకి నవ్వు ఆగలేదు. కిందపడి దొర్లింది. "ఒరే, అది గడ్డిరా!"

"పాడు, నువ్వూ అదే పాట పాడు."

"నీ మీద ఒట్టు. లోపల వేపమండలు కూడా ఉన్నాయి."

"సరే, గడ్డే" అని నక్క కన్ను గీటింది. "గడ్డి పట్టుకుపోతే కుక్కలకేం నష్టం?"

సింగడు ఆలోచించాడు. తన కాపలా కోళ్ళకి, మేకకి, గేదెకి. గడ్డికి కాపలా కాయమని ఎవరూ చెప్పలేదు. పైగా వీడు దాన్ని కొరికినప్పుడు వీడి మొహం తలుచుకుంటేనే కడుపు నిండిపోతోంది.

"వద్దురా సింగా" అంది ఎద్దు.

"ఎందుకొద్దు తాతా?"

"ఎందుకో తెలీదు. వద్దనిపిస్తోంది."

"ఎందుకో తెలీకుండా వద్దంటే ఎలా? ఉత్తి గడ్డి కదా అది!"

"ఉత్తి గడ్డే" అని మేకపోతు కూడా వంతపాడింది. "పోతే పోనీ. లేని దూడ పోతే లేని పాలు పోతాయి."

కాటుక మాత్రం గుంజ పీక్కుపోయేలా అరిచింది. ఆ అరుపు అది దూడ చచ్చిన రోజు అరిచిన అరుపే. అది విన్నాక సింగడికి నవ్వు ఆగిపోయింది. అప్పటికే నక్క దూడని ఈడ్చుకుంటూ కంచె దాటేసింది. తోలు ముక్క ఒకటి కంచె ముల్లుకి చిక్కితే దాన్ని కూడా లాక్కుని పోయింది. ఆశపోతుకి ముక్కంటే ముక్కే.

చెరకుతోటలో ఆరిందయ్య చుట్టాలని పిలిచాడు. పిన్ని, బాబాయి, ఇద్దరు బావమరుదులు వచ్చి కూర్చున్నారు. వాడు దూడ మీద కాలు పెట్టి కాసేపు తన తెలివి గురించి మాట్లాడాడు. మాట్లాడుతుంటే నోట్లో నీళ్ళూరి గడ్డం మీదికి కారాయి. ఆ నీళ్ళు అసలైన నీళ్ళే. దూడ గడ్డిదే, ఇంకా కొరకనైనా లేదు, నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. కాటుక చెప్పిన మాట వాడికి అప్పుడైనా అర్థం కావాల్సింది. కాలేదు. "ఆహా, ఏం రుచి!" అని కొరికాడు.

ఇంత గడ్డి, దాంతోపాటు ఇంత వేపాకు.

అందరూ తలా ఒక నోరు కొరికి తలా ఒకసారి ఉమ్మేశారు. పిన్ని నక్క లేచి నిలబడి, "ఏరా ఆరిందా, మమ్మల్ని విందుకి పిలిచావా, గాటికి కట్టేశావా?" అని తోక విదిలించుకుంటూ వెళ్ళిపోయింది. బావమరుదులు కోపంతో తోలుని పీలికలు చేసిపోయారు.

తెల్లారింది. గురువారం.

మంగతాయి తప్పేలా పట్టుకుని పాకలోకి వచ్చింది. నిట్రాట దగ్గర దూడ లేదు. గడ్డివాము చుట్టూ వెతికింది, కుడితి గోలెం వెనక వెతికింది. కంచె దాకా రాలిన గడ్డిపరకలు చూసి అక్కడే కూలబడింది. మళ్ళీ లేచి, పోనీలే అని కాటుక దగ్గర కూర్చుని చెయ్యి వేసింది. కాటుక తన్నింది. తప్పేలా దొర్లి గోడకి కొట్టుకుంది. సరిగ్గా ఆ చప్పుడుకి వీరాసామి గుమ్మంలో ఆగాడు. భుజాన పలుపుతాడు ఉంది.

"ఏంటి మంగతాయీ, మళ్ళీ ఆగాయా?"

సింగడు ఒక్క పరుగున చెరకుతోటకి పోయి, నోట్లో పట్టినంత గడ్డి పట్టుకొచ్చి కాటుక ముందు పోశాడు. "అదే గడ్డి. నిన్నటి గడ్డే. తప్పైపోయింది, చేపమ్మా" అని తోక కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కాటుక గడ్డి వాసన చూసి మొహం తిప్పుకుంది. కూరిన తోలు లేకపోతే గడ్డి గడ్డే.

"తప్పుకోండి, నేను నిలబడతాను" అని మేకపోతు ముందుకొచ్చింది. ఇప్పుడు దానికి పాలు నిజమేనన్న నమ్మకం ఎలా కుదిరిందో నాకు తెలీదు. లారీ పేరు వింటే కొందరికి సిద్ధాంతాలు మారతాయి. "గడ్డికే చేపిన గేదె. ఏది పెట్టినా చేపుతుంది. ప్రాణమున్న నాకు చేపదా?" అని దూడ నిలబడే చోట నిలబడి, మెడ చాపి, చిన్నగా మే అంది. కాటుక ఒక్క కుమ్ము కుమ్మింది. మాస్టారు గడ్డివాములో తేలారు.

"ఇక లాభం లేదమ్మా. తాడు వెయ్యనా?" అన్నాడు వీరాసామి.

మంగతాయి లేచింది. దొర్లిన తప్పేలా తెచ్చుకుని మళ్ళీ కాటుక పక్కన కూర్చుంది. ఇక ఇదే ఆఖరనుకుందో ఏమో, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, డొక్కకి తల ఆనించింది. నోటికి అలవాటైన మాట కదా, దూడ లేదని మరిచిపోయిందో, గుర్తుండే అందో, "తాగరా నాన్నా, అమ్మని సతాయించకు" అంది. గొంతు జీరబోయింది.

కాటుక తల తిప్పింది. మంగతాయి భుజం మీద, ఇన్నాళ్ళూ గడ్డిదూడని మోసిన చోట, రవిక మీద ముక్కు పెట్టింది. తరవాత నాలుక చాపి ఆ భుజం నాకింది.

చుయ్యిమంది తప్పేలా.

వీరాసామి తాడు భుజం మార్చుకున్నాడు. "ఈ ఇంట్లో గేదెకీ మనిషికీ ఇద్దరికీ వెర్రి" అని గొణుక్కుంటూ సంత దారి పట్టాడు. మంగతాయి పిండుతూనే ఉంది. రవిక భుజం తడిసిపోయింది. కళ్ళు కూడా.

పాకలో మళ్ళీ వాదం మొదలైంది.

"భుజానికి దూడ వాసన అంటుకుని ఉంటుంది. అందుకే" అంది పిల్లి.

"చెమటలో ఉప్పు" అంది మేకపోతు గడ్డివాములోంచి.

"ఆ మాట వల్ల. రోజూ వింటోంది కదా" అన్నాడు సింగడు.

ఎద్దు మాత్రం కాటుకనే అడిగింది. "అమ్మాయ్, దూడా లేదు, గడ్డీ లేదు. ఎలా వచ్చాయి?"

"నాకు తెలీదు మైలయ్యా" అంది కాటుక. "రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. గడ్డి కోసం ఏడ్చానో బిడ్డ కోసం ఏడ్చానో అదీ తెలీదు. మంగతాయి గొంతు అలా పోయేసరికి, పాపం దీనికీ ఎవరో పోయారనిపించింది. అంతలోకే దిగిపోయాయి."

ఎద్దు తల ఊపింది. అర్థమై కాదు. ఆ తల ఊపడం కాదనలేకే.

అంతలో కంచె అవతల అలికిడి. ఆరిందయ్య! పళ్ళ సందుల్లో గడ్డి, నాలుక మీద వేప చేదు. న్యాయం అడగడానికి వచ్చాడు.

"ఏమే గేదే! నన్నింత మోసం చేస్తావా? నిజం చెప్పి మోసం చేస్తావా? నిజం చెబితే ఎవడైనా నమ్ముతాడా? చుట్టాల్లో నా పరువేం కావాలి?"

తప్పేలా చప్పుడు వినబడింది. ఆరిందయ్య తొంగి చూశాడు. తప్పేలా మీద నురగ పొంగుతోంది. గేదె ముందు దూడ లేదు. గడ్డి లేదు. తోలు తనే చింపించాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. పాలున్నాయి.

వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి మొహం వెలిగింది.

"ఓహో! పాలున్నాయి, కాబట్టి దూడ ఉంది. ఆ గడ్డిది నాకోసం పెట్టిన ఎర. అసలుదాన్ని ఇంకెక్కడో దాచారు. ఇదీ నాకు ముందే తెలుసు!"

అప్పటినుంచీ ఆరిందయ్య ఆ కంచె దగ్గరే ఉన్నాడు. చిక్కి శల్యమయ్యాడు. గడ్డివాము కింద, గోలెం వెనక, పాక మూలల్లో రెప్ప వెయ్యకుండా కనబడని దూడ కోసం చూస్తున్నాడు. సింగడు వాణ్ణి తరమడం కూడా మానేశాడు. మంగతాయి కోళ్ళు పిల్లల్ని వేసుకుని వాడి ముక్కు కిందనుంచే గింజలేరుకుంటూ పోతున్నాయి. వాడు కాలితో వాటిని పక్కకి నెట్టి, "జరగండమ్మా, దూడ కనబడట్లేదు" అంటున్నాడు.

పాలు నిజమని దూడని కొరకబోకు, దూడ గడ్డిదని పాలు పారబోయకు.